రిపోర్టులో చివరి వాక్యం

ష్వానోమా. ఈ పేరు మొదటిసారి విన్నప్పుడు మా అత్తయ్యగారు "శ్వానమా? కుక్కకీ దీనికీ ఏం సంబంధమే?" అన్నారు. ఎనభై రెండేళ్ళ మనిషి, చిన్నప్పుడు అమరం వల్లె వేసిన మనిషి. ఆవిడ చెవికి అలాగే వినపడుతుంది మరి. కుక్కకేం సంబంధం లేదు. థియోడర్ ష్వాన్ అని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఒకాయన 1839లో నరాలని చుట్టుకుని ఉండే ఒక రకం కణాల గురించి రాశాడు. కరెంటు తీగకి రబ్బరు తొడుగు ఉన్నట్టు మన నరాలకి ఈ కణాలు తొడుగు. ఆ తొడుగు ఒకచోట ఊరికే పెరిగి గడ్డ కడితే దాన్ని ష్వానోమా అంటారు. క్యాన్సర్ కాదు. వేరే చోటికి పాకదు. ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది, ఒక్కోసారి పెరగడం కూడా మానేసి పడి ఉంటుంది.

ఇంత సాధువైన గడ్డ 2023 శ్రావణంలో మా రెండిళ్ళలో పదహారు రోజులు ఎవర్నీ కంటినిండా నిద్రపోనివ్వలేదు. ఆ సంగతి రాయమని వదినే అంది. "పేరు రాయకు, మిగతాదంతా రాయి, ఎవరికైనా పనికొస్తుంది" అంది. అందుకే రాస్తున్నాను.

వదిన అంటే మావారి అక్కగారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పెళ్ళయిన కొత్తలో నేను "మీరు" అంటుంటే "నన్ను కూడా అత్తగారిని చెయ్యకు" అని ఆవిడే మాన్పించింది. ఏ.ఎస్. రావు నగర్‌లో మాకు రెండు వీధుల అవతల ఇల్లు. అన్నయ్యగారు ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు, డాలస్‌లో ఉంటాడు. 2019లో వదినకి ఎడమ రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయ్యి ఊపిరి పీల్చుకునేసరికి లాక్‌డౌన్ వచ్చిపడింది. ఆ తరవాత రోజుకొక హార్మోన్ బిళ్ళ, ఆర్నెల్లకోసారి చెకప్పు. ఊడిపోయిన జుట్టు రింగులు తిరిగి వచ్చింది. "చూశావా, పార్లర్ ఖర్చు లేకుండా" అనేది.

2023 వేసవిలో ఎడమ రెక్క కింద వీపులో ఒక నొప్పి మొదలైంది. ఆవకాయ జాడీలు దించి ఎక్కించినందుకేమో అనుకుంది. రెండు నెలలైనా తగ్గలేదు. పక్క మీద ఎడమవైపు తిరిగితే సన్నటి మంటలాగా ముందుకి, పక్కటెముకల వెంబడి పాకేది. చెకప్పులో చెబితే డాక్టరుగారు పెట్ సీటీ స్కాన్ రాశారు.

ఈ స్కాన్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే ఉంది. మాకు దీన్ని అర్థమయ్యేట్టు చెప్పింది డాక్టర్లు కాదు, అన్నయ్యగారు. మా కాలనీకి ఎవరి పేరు పెట్టారో ఆ అయ్యగారి సాంబశివరావుగారు 1967లో మొదలుపెట్టించిన కంపెనీ కదా ఈసీఐఎల్, అణుశక్తి శాఖ వాళ్ళది. అన్నయ్యగారు సర్వీసులో ఎక్కువ కాలం రేడియేషన్ కొలిచే పరికరాల దగ్గరే గడిపారు. ఆయన చెప్పింది ఇదీ. చక్కెర లాంటి ఒక పదార్థానికి రేడియో ధార్మికత ఉన్న ఫ్లోరిన్ తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. ఎఫ్‌డీజీ అంటారు దాన్ని. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాలకి సగం అయిపోతుంది, మరో 110 నిమిషాలకి అందులో సగం. ఒంట్లో ఏ కణాలు చక్కెర ఎక్కువ తింటాయో అవి దీన్నీ ఎక్కువ తింటాయి. అక్కణ్ణించి వచ్చే కిరణాలు ఎదురెదురు దిక్కుల్లో జంటగా బయటికొస్తాయి. చుట్టూ ఉన్న యంత్రం వాటిని లెక్కపెట్టుకుని, ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ వెలుగు చూపిస్తుంది. క్యాన్సర్ కణాలు చక్కెర ఎక్కువ తింటాయన్న సంగతి 1920లలోనే ఓటో వార్బర్గ్ అనే ఆయన కనిపెట్టాడు. మనిషికి ఈ మందు ఎక్కించి మొదటిసారి బొమ్మ తీసింది మాత్రం 1976లో, అమెరికాలో.

"దానికి రోగం తెలియదమ్మా, లెక్క మాత్రమే తెలుసు" అన్నారు అన్నయ్యగారు. స్కాన్‌కి ముందే అన్నారీ మాట. ఆ తరవాత రిపోర్టు వచ్చినప్పుడు ఆయనకే గుర్తు రాలేదనుకోండి.

ఆగస్టు 21, సోమవారం. ఆరు గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తినకూడదు. షుగర్ చూసి, మందు ఎక్కించి, ఒక గంట కదలకుండా, మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా కూర్చోమన్నారు. మాట్లాడితే గొంతు కండరాలు, నమిలితే దవడ కండరాలు ఆ చక్కెర తాగేస్తాయట. చలేస్తే ఒంట్లో ఒక రకం కొవ్వు తాగేస్తుందట, అందుకే దుప్పటి కప్పారు. గంటసేపు మాట్లాడకుండా కూర్చోవడం మా వదినకి కీమో కంటే పెద్ద శిక్ష.

రిపోర్టు వస్తే ముందు తమ్ముడూ బావా చూసుకుని, అవసరమైతే వదినకి చెప్పకుండా ఉండాలని మావారూ అన్నయ్యగారూ అనుకున్నారు. మన ఇళ్ళల్లో మామూలే కదా, రోగికి తప్ప ఊరంతటికీ తెలియడం. కానీ ఇప్పుడు రిపోర్టులు వాట్సాప్‌లో వస్తాయి. వచ్చేది పేషెంటు నంబరుకి. మంగళవారం సాయంత్రం వదిన గోంగూర ఒలుస్తూ ఒక చేత్తో ఫోన్ తీసి చదివేసింది. చదివి, గోంగూర ఒలవడం పూర్తిచేసి, అప్పుడు నాకు ఫోన్ చేసింది. "ఒకసారి రా, ఇంగ్లీషు చదవాలి" అంది. ఆవిడకి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు.

నాలుగు పేజీలు. ఎడమవైపు, ఆరో వెన్నుపూస పక్కన, 2.8 సెంటీమీటర్ల గడ్డ. చక్కెర బాగా తీసుకుంటోంది, ఎస్‌యూవీ 6.1. ఎస్‌యూవీ అంటే కారు కాదు, ఎంత తీసుకుందో చెప్పే ఒక అంకె. ఇంతకుముందు రొమ్ము క్యాన్సర్ ఉంది కాబట్టి ఇది మెటాస్టాసిస్ కావచ్చు, అంటే పాత క్యాన్సర్ ఇక్కడికి పాకి ఉండవచ్చు. ఆ కింద ఇంకో వాక్యం ఉంది. ముక్క తీసి పరీక్ష చేసి సరిచూసుకోవాలి, అని.

ఆ వాక్యాన్ని ఎవరూ చదవలేదు. చదవలేదంటే, కళ్ళతో అందరూ చదివారు. తొమ్మిదింటికల్లా రిపోర్టు డాలస్ వెళ్ళింది, వైజాగ్‌లో పెద్ద మావయ్యగారికి వెళ్ళింది, అన్నయ్యగారి స్నేహితుల్లో ఇద్దరికి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు "కావచ్చు" అనే మాట ఎక్కడో రాలిపోయింది. "పాకిందట" అయింది. "వెన్నుకి పాకిందట" అయింది.

నేను బీయే తెలుగులో అలంకారాలు చదువుకున్నాను. అందులో పరీక్షకి తప్పకుండా వచ్చే జంట ఒకటుంది: సందేహాలంకారం, భ్రాంతిమదలంకారం. ఇది ముఖమా, చంద్రబింబమా అని తేల్చుకోలేక ఊగిసలాడితే సందేహం. ముఖాన్ని తామర పువ్వే అనుకుని తుమ్మెద వచ్చి వాలితే భ్రాంతిమంతం. మా మాస్టారు రెంటికీ తేడా రాయమని పదేపదే అడిగేవారు. ఆ రాత్రి వదిన వంటింట్లో నిలబడి నాకు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. రిపోర్టు రాసినాయన సందేహంలోనే ఆపాడు, మర్యాదగా. ఇంట్లో జనం తుమ్మెదలయ్యారు.

డాలస్ నుంచి అబ్బాయి వీడియో కాల్ చేశాడు. వాడు స్కాన్ బొమ్మలు కూడా తెరిచి చూశాడు. "అత్తా, తలంతా నల్లగా వెలుగుతోంది, తలలోకి కూడా వెళ్ళిందా?" అని ఏడుపు గొంతు. ఆ బొమ్మల్లో ఎక్కువ వెలుగున్న చోట నల్లగా చూపిస్తారు. అన్నయ్యగారు అప్పుడు తేరుకుని చెప్పారు, మెదడు ఎప్పుడూ చక్కెర తింటూనే ఉంటుంది, నీది తీసినా నాది తీసినా అలాగే ఉంటుంది, మూత్రాశయం కూడా అంతే, మందు బయటికి పోయే దారి కాబట్టి. అంటే వెలుగంతా రోగం కాదన్నది మాకు ఆ మొదటి రాత్రే, ఆ బొమ్మలోనే కనబడింది. కానీ తల విషయంలో నమ్మినవాళ్ళు వెన్ను విషయంలో నమ్మలేదు.

మర్నాడు బుధవారం, 23. మీకు గుర్తుండే ఉంటుంది, చంద్రయాన్-3 దిగిన రోజు. సాయంత్రం 6.04కి. మా కాలనీలో ఇది మామూలు వార్త కాదు. బెంగుళూరు దగ్గర బ్యాలాలులో చంద్రయాన్ మాటలు వినే 32 మీటర్ల యాంటెన్నా ఈసీఐఎల్ వాళ్ళు కట్టిందే, మొదటి చంద్రయాన్ కోసం. రిటైరైన వాళ్ళంతా అది తమ ఇంటి పెళ్ళయినట్టు ఎదురుచూశారు. అన్నయ్యగారు ఆ నెలంతా దాని గురించే మాట్లాడారు. ఆ సాయంత్రం టీవీ పెట్టలేదు. వదినే పెట్టించింది. "నాకేదో అయిందని చంద్రుడు ఆగుతాడా, పెట్టండి" అని. విక్రమ్ దిగింది. బయట టపాకాయలు. అన్నయ్యగారు చప్పట్లు కొడుతూ కొడుతూ లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను మంచినీళ్ళు పట్టుకెళితే గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు. గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చేశాను.

గురువారం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆస్పత్రి పేరు అక్కర్లేదు, ఎక్కడైనా ఇలాగే జరగాలి. ఆయన రిపోర్టు చూసి, బొమ్మలు తన కంప్యూటర్లో వేసుకుని, చాలాసేపు ఒకే చోట అటూ ఇటూ తిప్పారు. వెన్నుపూసల మధ్య నరం బయటికి వచ్చే కన్నం ఒకటి ఉంటుంది కదా, ఆ కన్నం ఎడమవైపు కుడివైపు కంటే పెద్దదిగా ఉంది. అంచు నున్నగా ఉంది. "ఎముకని తిన్నట్టు లేదు. చాలాకాలం మెల్లగా నొక్కినట్టు ఉంది. గడ్డలో కొంత లోపల, కొంత బయట, నడుం దగ్గర సన్నం. నరం గడ్డలు ఇలా ఉంటాయి. అలాగని నేను ఇప్పుడు మాటివ్వను" అన్నారు.

తరవాత వదినని వింత ప్రశ్నలు అడిగారు. ఒంటి మీద పుట్టుకతో కాఫీ రంగు మచ్చలున్నాయా, చర్మం మీద మెత్తటి బుడిపెలున్నాయా, చెవి వినపడకపోవడం ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అని. న్యూరోఫైబ్రోమటోసిస్ అని ఒక జబ్బుంది. ఒళ్ళంతా బుడిపెలున్న మనుషుల్ని బస్టాండుల్లోనో గుళ్ళ దగ్గరో చూసే ఉంటారు, చాలామంది అంటుకుంటుందని దూరం జరుగుతారు. అది అంటుకోదు. జన్యువులో లోపం. 1882లో ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ అనే ఆయన అవి నరాల గడ్డలని తేల్చాడు. సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే వస్తుంది. ఆ జబ్బున్న ఆడవాళ్ళకి యాభై లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా మామూలు కంటే ఎక్కువట, అందుకని అడిగారు. వాళ్ళల్లో కొన్ని గడ్డలు చెడ్డగా మారే ప్రమాదం ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చూస్తారు. వదినకి ఆ లక్షణాలేవీ లేవు. చెవుడు లేదా అని ఆయన మళ్ళీ అడిగితే "మా ఆయనకి ఉంది, నేను పిలిస్తే మాత్రమే" అంది. మూడు రోజుల తరవాత ఆ గదిలోనే మొదటిసారి నవ్వాం.

ఎమ్మారై, ఆ తరవాత సూదితో ముక్క పరీక్ష. అదీ ప్లాను.

అసలు రగడ ఇక్కడ మొదలైంది. పెద్ద మావయ్యగారు వైజాగ్ నుంచి రోజుకి మూడుసార్లు ఫోన్. "సూది పెడితే పాకుతుంది. కెలికితే లేస్తుంది. తెలిసిన జబ్బే కదా, మళ్ళీ కీమో మొదలుపెట్టించండి, నాన్చకండి." ఆయన చెడ్డ మనిషి కాదు. వాళ్ళ తమ్ముడు ముక్క తీసిన నెలకే పోయాడు. ముక్క తీసినందుకు కాదు, జబ్బు ముదిరిపోయాక తీశారు. కానీ ఆయనకి ఆ రెండూ పక్కపక్కన జరిగాయి, ముప్పై ఏళ్ళుగా అలాగే ఉండిపోయాయి. సూది దారిలో కణాలు చేరడం బొత్తిగా జరగదని కాదు, చాలా అరుదు అని డాక్టరుగారు చెప్పారు. ఎక్కడ అలాంటి భయం ఎక్కువో అక్కడ వాళ్ళే సూది పెట్టే దారి ముందుగా ఆలోచించుకుంటారు.

అబ్బాయిదీ ఇంచుమించు అదే తొందర, ఇంగ్లీషులో. టికెట్ కొనేస్తానన్నాడు, అక్కడి డాక్టరుకి బొమ్మలు పంపిస్తానన్నాడు. ఇంకెవరో లక్ష్మణఫలం ఆకుల కషాయం పంపారు, సీసాలో. పక్కింటావిడ హార్లిక్స్ తెచ్చి, వదిన చెయ్యి పట్టుకుని, పోయినవాళ్ళ ఇంటికి వచ్చినట్టు కూర్చుంది. వదిన నాతో తరవాత అంది, నొప్పి కంటే ఆ కూర్చోవడం భరించలేకపోయానని.

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఈ ఏడాదికి మానెయ్యమని అన్నయ్యగారు అన్నారు. వదిన ఒప్పుకోలేదు. అధిక శ్రావణం అయ్యాక ఆలస్యంగా వచ్చిన వ్రతం, ముందే పదిహేను మందిని పేరంటానికి పిలిచింది. పొద్దున్నే నేను వెళ్ళి బూరెలకి పూర్ణం ఉండలు చేస్తుంటే ఆవిడ కలశానికి పసుపు రాస్తూ, ఏ ముందుమాటా లేకుండా అంది: "నాలుగేళ్ళ క్రితం వాళ్ళు పేరు చెప్పారు, నేను మందు తీసుకున్నాను. ఇప్పుడు పేరు చెప్పకుండా మందు తీసుకోమంటున్నారు. నేను తీసుకోను. మీ అందరికీ భయంగా ఉంటే ఉండండి."

అంతే. ఆ మాట అబ్బాయికీ, పెద్ద మావయ్యగారికీ తానే ఫోన్ చేసి చెప్పింది. మావయ్యగారు రెండు రోజులు అలిగారు.

శనివారం ఎమ్మారై అయింది. గడ్డ నరం వెంబడే ఉంది, చుట్టూ పొర స్పష్టంగా ఉంది, నరం గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ అని రాశారు. ఈసారి "అవకాశం" అన్న మాటని మావారు బిగ్గరగా రెండుసార్లు చదివారు.

29, మంగళవారం ముక్క తీశారు. సీటీ బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మత్తు సూది ఇచ్చి, బొమ్మ చూసుకుంటూ వీపులోంచి సన్నటి సూది పంపారు. సూది గడ్డకి తగలగానే వదిన కెవ్వుమందట. వీపు నుంచి పక్కటెముక చుట్టూ తిరిగి రొమ్ము కిందిదాకా కరెంటు షాకు కొట్టినట్టయిందట. అక్కడి డాక్టరమ్మ వెంటనే ఆగి, మందు ఇంకొంచెం ఇచ్చి, "ఎక్కడిదాకా వెళ్ళిందమ్మా నొప్పి, వేలితో చూపించండి" అంది. చూపించాక "మంచిది" అందట. నొప్పి పెడితే మంచిదంటుందేమిటని వదినకి కోపం వచ్చింది. నరానికి పుట్టిన గడ్డకి సూది తగిలితే ఆ నరం ఎంతదూరం వెళుతుందో అంతదూరం షాకు కొడుతుంది, వేరే గడ్డలకి సాధారణంగా అలా ఉండదు. ఆ సంగతి మాకు తరవాత తెలిసింది.

ఆ రోజు బయట బల్ల మీద మా పక్కన నాగారం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. వదిన లాంటిదే, రొమ్ము క్యాన్సర్ అయిన ఆరేళ్ళకి కాలేయంలో మచ్చ వెలిగింది. ఆవిడకీ ముక్క పరీక్షే. ఇద్దరూ కూతుళ్ళ గురించి, కోడళ్ళ గురించి, పెసరట్టులో అల్లం ఎంత వెయ్యాలన్నదాని గురించి మాట్లాడుకున్నారు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆవిడది వారానికి వచ్చింది. పాత క్యాన్సరే, పాకింది. కానీ కణాల గుణం మారింది. మొదట్లో హార్మోన్‌కి లొంగే రకం, ఇప్పుడది లొంగే రకం కాదు. రొమ్ము క్యాన్సర్ మళ్ళీ వచ్చినప్పుడు ఒక్కోసారి ఇలా మారుతుందట, అందుకే మొదటిసారి కనబడ్డప్పుడు మళ్ళీ ముక్క తీసి చూడాలంటారు. ఆవిడకి మందు పూర్తిగా మార్చారు. ఇప్పటికీ వదినా ఆవిడా ఆదివారాలు మాట్లాడుకుంటారు.

ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, మా కథ చదివి ఎవరైనా "అదిగో, స్కాన్‌లన్నీ ఉత్తవే, అన్నీ నరం గడ్డలే" అనుకుంటారేమోనని. కాదు. క్యాన్సర్ ఒకసారి వచ్చినవాళ్ళకి కొత్తగా వెలిగినది క్యాన్సరే అయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. డాక్టరుగారు కూడా అలాగే అన్నారు. ముక్క తీసింది మా వదినకి శుభవార్త కోసం కాదు, నాగారం ఆవిడకి చెడ్డవార్త కోసమూ కాదు.

వదిన రిపోర్టు మొదటి విడత రాఖీ అయిన మర్నాడు వచ్చింది. "స్పిండిల్ కణాలు, ఇంకా పరీక్షలు చెయ్యాలి" అని. కండె ఆకారంలో పొడుగ్గా ఉండే కణాలన్నమాట. క్యాన్సర్ లేదని రాయలేదు, ఉందనీ రాయలేదు. ఆ వారం రోజులు ముందటి వారం కంటే ఘోరం. మావారు రాఖీ విప్పనని భీష్మించుకున్నారు, రిపోర్టు వచ్చేదాకా. స్నానానికి కూడా చెయ్యి పైకెత్తి పోసుకున్నారు.

సెప్టెంబరు 7, గురువారం, కృష్ణాష్టమి. వాకిట్లో చిన్నికృష్ణుడి పాదాలు వేస్తున్నాను, అన్నయ్యగారు స్వయంగా నడిచి వచ్చారు. ఫోన్ చెయ్యలేదు. కాగితం చేతికిచ్చారు. ష్వానోమా. ఎస్-100 అనే పరీక్షలో కణాలు బాగా రంగు తీసుకున్నాయి, అది నరం తొడుగు కణాల గుర్తు. కణాలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా ఉన్నాయి. వాటిని అంటోనీ-ఏ, అంటోనీ-బీ అంటారు, స్వీడన్ డాక్టరు నిల్స్ అంటోనీ 1920లో పెట్టిన విభజన. ఒత్తుగా ఉన్నచోట కణాల కేంద్రకాలు సిపాయిల్లా వరసల్లో నిలబడతాయి. వాటికి వెరోకే బాడీలని పేరు, వెరోకే 1910లో చూసి రాశాడు. క్యాన్సర్ కణాలు లేవు.

అత్తయ్యగారికి అప్పటిదాకా ఏమీ చెప్పలేదని మేమంతా అనుకుంటున్నాం. ఆవిడ పాదాల ముగ్గు దాటుకుంటూ వచ్చి "కాదన్నారా?" అంది. కూతురి ముఖం చూసి తెలుసుకోలేనా అంది. పదహారు రోజులు ఆవిడ ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, మమ్మల్ని కంగారు పెట్టకూడదని నటించింది. ఆ మాట విన్నాకే వదిన ఏడ్చింది. అప్పటిదాకా ఒక్క చుక్క కూడా కార్చలేదు.

"అయితే స్కాన్ తప్పన్నమాట" అన్నాడు అబ్బాయి ఆ రాత్రి. అన్నయ్యగారికి ఇది నచ్చలేదు. జీవితమంతా పరికరాల మధ్య గడిపిన మనిషి. "తప్పెలా అవుతుందిరా? ఆ గడ్డ చక్కెర తిన్న మాట నిజం, యంత్రం లెక్క నిజం. క్యాన్సర్ అని యంత్రం అనలేదు, మనం అన్నాం" అన్నారు. ష్వానోమా అంత మంచి గడ్డ అయివుండి క్యాన్సర్‌తో సమానంగా చక్కెర ఎందుకు తింటుందో శాస్త్రజ్ఞులకే పూర్తిగా తేలలేదట. అంకె చూసి ఇది మంచిది, ఇది చెడ్డది అని విడదీయడం కుదరదని డాక్టరుగారు చెప్పారు, రెంటి అంకెలూ కలిసిపోతాయి. ఇలా క్యాన్సర్ పేషెంట్లలో నరం గడ్డని చూసి పాకిందనుకున్న సందర్భాలు వైద్య పత్రికల్లో చాలా రాశారని కూడా అన్నారు. భుజం దగ్గర, చంకలో ఉండే నరాల గుత్తిలో వస్తే లింఫు గడ్డ అనుకుంటారట. మన దేశంలో టీబీ గడ్డలూ ఇలాగే వెలుగుతాయి. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్ళకి ఆ చేతివైపు చంకలో గడ్డలు వెలిగి ఎంతమందిని భయపెట్టాయో. అప్పట్లో స్కాన్‌కి వెళితే ఏ చేతికి టీకా వేశారో ముందు అడిగేవారు, వదినని కూడా మామోగ్రామ్‌లో అడిగారు.

గడ్డ ఇంకా అక్కడే ఉంది. తీయించుకోవాలంటే తీయవచ్చు, పొర చీల్చి నరం మిగతా పోగులు తెగకుండా గడ్డని వొలిచి తీస్తారు. కానీ వెన్ను దగ్గర ఆపరేషను, ఒకసారి రేడియేషన్ తిన్న ఒళ్ళు. నొప్పి భరించగలిగితే చూస్తూ ఉందామన్నారు. నరం నొప్పికి రాత్రిపూట ఒక బిళ్ళ ఇచ్చారు. ఆర్నెల్లకి ఎమ్మారై తీస్తే 2.8 సెంటీమీటర్లే. ఆ తరవాత ఏడాదికీ అంతే. చెడ్డగా మారడం చాలా చాలా అరుదట. నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. చలికాలం ఎక్కువ. ఎడమవైపు తిరిగి పడుకోలేదు, బస్సులో కిటికీ పక్కన ఆనుకుని కూర్చోలేదు. ఇవన్నీ "క్యాన్సర్ కాదుగా" అన్న మాట కింద నొక్కేస్తున్నామని ఒకరోజు చిరాకుపడింది కూడా. "క్యాన్సర్ కాకపోతే నొప్పి కాదా?" అంది. ఆ మాట నిజమే. అప్పటినించీ బరువులు మేమే ఎత్తుతున్నాం, ఆవకాయ జాడీలతో సహా.

పెద్ద మావయ్యగారు సంక్రాంతికి వచ్చారు. ముక్క పరీక్ష గురించి ఎవరూ ఎత్తలేదు. ఆయనే, వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ, "మా తమ్ముడికి ముందే తీసి ఉంటే?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. అన్నయ్యగారు ఆయన్ని రాధికా చౌరస్తా దాకా దిగబెట్టి వచ్చారు.

క్రితం నెల వదిన నన్ను పిలిచి ఫైలు చేతిలో పెట్టింది. మళ్ళీ ఎప్పుడైనా, ఇంకో ఊళ్ళోనో, అమెరికాలోనో స్కాన్ తీస్తే ఆ గడ్డ మళ్ళీ వెలుగుతుంది, చూసినవాళ్ళు మళ్ళీ అదే అనుకుంటారు. అందుకని ముక్క పరీక్ష రిపోర్టు అన్నిటికంటే పైన పెట్టమంది. అట్ట మీద ఇంగ్లీషులో అబ్బాయి ప్రింటు తీసి పంపిన కాగితం అంటించి ఉంది. దాని కింద తెలుగులో కూడా రాయమంది, నా చేతిరాత బావుంటుందని. మార్కర్‌తో పెద్ద అక్షరాలు రాశాను: "ఆరో వెన్నుపూస ఎడమవైపు గడ్డ పాతది. నరం గడ్డ. ముక్క పరీక్ష అయింది, 2023 ఆగస్టు 29."

చదివి, "సున్నాలు గుండ్రంగా రాలేదు" అంది.